నీటికన్న ముందు నడిచిన మనిషి

మార్కాపురం పలక ఎరుగని బడిపంతులు తెలుగుదేశంలో ఉండడు. తరతరాల తెలుగు బిడ్డలు ఓనమాలు దిద్దినది ఆ సీమ గనులలో పొరలు పొరలుగా లేచివచ్చిన రాతి మీదనే. నల్లమల తూర్పు చరియను ఆనుకొని మార్కాపురం, కంభం, గిద్దలూరు ఉన్నవి. వాటికి తూర్పున పొదిలి, కనిగిరి, దర్శి ఉన్నవి. పశ్చిమ ప్రకాశమని వాడుకలో పిలిచే సీమ ఇది. దేశానికి పలక నిచ్చిన ఈ సీమలోని అనేక గ్రామాలలో బిడ్డల పళ్ళమీద గోధుమరంగు గార కనిపిస్తుంది. పలక మీది రాత తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. పంటి మీది ఈ రాత పోదు. అది తాగిన నీరు రాసిన రాత.

ఆ నీటిలోని దోషం పేరు ఫ్లోరైడు. ఇది నిన్న మొన్న బయటపడిన సంగతి కాదు. 1937లో షార్టు, మెక్‌రాబర్టు, బర్నార్డు, నాయరు అనే నలుగురు వైద్యశాస్త్రజ్ఞులు మద్రాసు రాజధానిలోని ఫ్లోరోసిస్ వ్యాధిని గురించి ఒక వ్యాసం ప్రకటించారు. మన దేశంలో మనుష్యుల ఎముకలను వంచే ఈ వ్యాధిని శాస్త్రలోకం గుర్తించిన తొలి తావులలో నాటి నెల్లూరు జిల్లాకు చెందిన ఈ మెట్టప్రాంతం ఒకటి. అప్పటికి ఆంధ్రరాష్ట్రం లేదు, ప్రకాశం జిల్లా లేదు. 1970 ఫిబ్రవరి 2న కర్నూలు జిల్లానుండి మార్కాపురం, గిద్దలూరు, నెల్లూరు జిల్లానుండి కనిగిరి, పొదిలి, దర్శి, గుంటూరు జిల్లానుండి ఒంగోలు వైపు భూములు కలిపి కొత్త జిల్లా ఏర్పరచారు. 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. 2025 డిసెంబరులో మార్కాపురం కేంద్రంగా మరొక జిల్లా ఏర్పడినది. ఎనభై ఏండ్లకు పైబడిన ఈ కాలంలో జిల్లా పొలిమేరలు మూడు మారులు మారినవి. బావినీరు మాత్రం మారలేదు.

ఎందువల్ల మారలేదు? తెలియక కాదు. శాస్త్రం చెప్పవలసిన దానిలో అధికభాగం చాలకాలం క్రిందటనే చెప్పినది. తెలిసిన సంగతికీ, గుక్కెడు మంచినీటికీ మధ్య ఎంత దూరమున్నది, ఆ దూరాన్ని ఎవరు నడవాలి అన్నదే నేటి ప్రశ్న. ఈ ప్రశ్నకు తన జీవితంతో ఒక సమాధానం చెప్పిన మనిషి తెలుగునేల మీద ఉన్నాడు. ఆయన ఈ సీమవాడు కాడు. నల్లమలకు ఆవల, కృష్ణకు ఆవలి ఒడ్డున ఉన్న నల్లగొండ సీమవాడు. ఆయన బాటను తెలుసుకొనడానికి ముందు, ఈ రెండు సీమలను కలిపే రోగాన్ని కొంచెం తెలుసుకొనవలసి ఉన్నది.

నేల, నీరు, ఎముక

గ్రానైటువంటి కఠినశిలలలో ఫ్లోరిన్ కలిగిన ఖనిజాలుంటవి. వాన తక్కువైన నేలలో భూమిలో ఇంకిన నీరు త్వరగా కొట్టుకొని పోదు. అది రాతి పగుళ్ళలో ఏండ్ల తరబడి నిలిచి, ఆ ఖనిజాలను కొద్దికొద్దిగా కరిగించుకొంటుంది. నీటిలో సున్నపుపాలు తక్కువగా, క్షారగుణం ఎక్కువగా ఉన్నచోట ఈ కరగడం మరింత సులువు. కనిగిరి వైపు గ్రానైటులో ఫ్లోరైటు అనే ఖనిజమే ఉన్నది. బావులు ఎండిన కొద్దీ బోర్లు లోతుకు దిగినవి. లోతుకు దిగినకొద్దీ పాతనీరు పైకి వచ్చినది. పైరుకోసం మనం చేసిన తొందర మన దాహాన్నే మరింత చెరిచినదని చెప్పక తప్పదు.

తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు ఉండవచ్చుననీ, వేరే దారి లేనప్పుడు ఒకటిన్నర మిల్లీగ్రాముల వరకు సహించవచ్చుననీ భారత ప్రమాణాల సంస్థ నిర్ణయించినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పే హద్దు కూడ ఒకటిన్నర మిల్లీగ్రాములే. ఆ హద్దు దాటిన నీటిని ఏండ్ల తరబడి తాగితే ముందు పళ్ళు గారకడతవి. తరువాత కీళ్ళు బిగుసుకొంటవి. చివరకు వెన్నెముక కర్రవలె గట్టిపడి మనిషి వంగిపోతాడు. పంటి పింగాణి ఏర్పడే కాలం పుట్టుకనుండి సుమారు 8 ఏండ్ల వయస్సువరకు. ఆ ఏండ్లలో తాగిన నీటి ముద్ర జీవితాంతం ఉంటుంది. వంగిన ఎముకను నిటారుగా నిలిపే మందు లేదు. ఈ కారణంచేతనే ఈ విషయంలో ఆలస్యానికి మరెక్కడా లేనంత వెల ఉన్నది. రోడ్డు పదేండ్లు ఆలస్యమైతే ప్రజలు పదేండ్లు కష్టపడతారు. మంచినీరు పదేండ్లు ఆలస్యమైతే ఒక తరం బిడ్డలు వృద్ధాప్యం వరకు ఆ ఆలస్యాన్ని ఒంటిమీద మోస్తారు.

నల్లగొండ కథ కూడ ఇదే. అక్కడి నేలా గ్రానైటే, అక్కడి వానా కొద్దిదే. కృష్ణానది రెండు సీమలకు దగ్గరగానే పారుతున్నది. అయినా నది లోయలో, ఊళ్ళు మెట్టమీద. నది కంటికి దగ్గర, కడవకు దూరం. ఈ రెండు సీమలు శ్రీశైలం జలాశయానికి చెరొక పక్క నిలిచి, చెరొక సొరంగం కోసం ఎదురుచూసినవి. నల్లగొండకు ఎడమగట్టు సొరంగం, పశ్చిమ ప్రకాశానికి వెలిగొండ సొరంగాలు. ఇంతగా పోలిన రెండు సీమలలో ఒకదానిలో జరిగిన కృషి రెండవదానికి పాఠం కాకుండా ఎట్లుంటుంది?

ఒక యువకుని బాట

శ్రీ దుశర్ల సత్యనారాయణ పూర్వపు నల్లగొండ జిల్లాలోని, నేటి సూర్యాపేట జిల్లాలోని, రాఘవాపురం గ్రామస్థుడు. ఆయన పేరు నేడు దేశంలో ఎక్కువగా వినిపించేది ఒక అడవి మూలంగా. తన కుటుంబానికి చెందిన సుమారు 70 ఎకరాల భూమిని చిన్ననాటినుండి చెట్లకు విడిచిపెట్టి, దానిని అడవిగా పెరగనిచ్చాడు. ఆ అడవి ఫలాన్ని ఆయన అమ్మడు. అక్కడి కాయలు, పండ్లు పిట్టలవీ, జంతువులవీ అని ఆయన మాట. ఎకరం భూమికోసం అన్నదమ్ములు కోర్టుల మెట్లెక్కే కాలంలో ఇది వింతగానే తోస్తుంది.

అయితే అడవిని చూసి అబ్బురపడి ఆగిపోతే ఆయన బాటలోని ముఖ్యఘట్టం మనకు కనిపించదు. వ్యవసాయశాస్త్రం చదివిన ఆ యువకుడు ఒక బాంకులో క్షేత్రాధికారిగా చేరాడు. రైతుల అప్పు దరఖాస్తులు చూడడానికి ఊళ్ళు తిరగడం ఆయన ఉద్యోగం. ఊళ్ళు తిరిగినకొద్దీ లెక్కలకు అందని అప్పు ఒకటి ఆయనకు కనిపించినది. నలభై ఏండ్లకే కర్రపట్టిన మనుష్యులు, మెడ తిప్పలేని ఆడవారు, నడవలేని బిడ్డలు. ఇతరులు కూడ అవే ఊళ్ళు తిరిగారు, అదే చూశారు. ఈయన మాత్రం ఉద్యోగం విడిచిపెట్టాడు. 1980లలో జలసాధన సమితి అనే సంఘాన్ని నిలిపి, నల్లగొండకు కృష్ణాజలాలు కావాలని ఊరూరా తిరిగాడు.

ఈ పని ఎట్లా సాగినదో విద్యార్థులు గమనించాలి. ఉపన్యాసంతో సంఘం ఏర్పడదు. వంగిన నడుములు గల ముసలివారికి నీటి శాస్త్రం అక్కర లేదు, వారి మాట వినేవాడు కావాలి. ఏ ఇంట ఎవరు మంచాన పడ్డారో, ఏ బావినీరు తాగి పడ్డారో, ఆ యింటి బిడ్డ బడికి పోతున్నాడా లేదా అని అడిగినవానిని ఆ ఊరు నమ్ముతుంది. నమ్మిన ఊరే అతనివెంట నడుస్తుంది. ప్రజా ఉద్యమమనేదాన్ని మనం సాధారణంగా జెండాలతో, నినాదాలతో ఊహించుకొంటాము. దాని వేరు పరామర్శలో ఉన్నది. రోగి దగ్గర కూర్చొనడం వేరు, ప్రభుత్వంతో పోరాడడం వేరు అని తలచేవారు ఈ చరిత్రను మరొకసారి చదవాలి.

1996లో లోక్‌సభకు ఎన్నికలు వచ్చినవి. నల్లగొండ నీటిగోడును దేశం చెవిని వేయడానికి సమితి ఒక విచిత్రమైన దారి పట్టినది. వందలమంది సామాన్యులచేత నామినేషన్లు వేయించినది. చివరకు నల్లగొండ నియోజకవర్గంలో 480 మంది అభ్యర్థులు నిలిచారు. ఓటుకాగితం ఒక పుస్తకమంత అయినది. ఎన్నికైనది శ్రీ బొమ్మగాని ధర్మభిక్షం. కాని ఆ ఎన్నికలో దేశమంతా తెలుసుకొన్నది, నల్లగొండ అనే చోట తాగడానికి నీళ్ళు లేవని. మొరవిననివారికి ఓటుకాగితం బరువుతో వినిపించినట్లయినది.

ఈ ఘటనకు మరొక పార్శ్వం ఉన్నది, అదీ చెప్పవలసినదే. ఆ యేడు తమిళనాడులోని మొడకురిచ్చి శాసనసభా స్థానంలో 1,033 మంది నిలిచారు. ఇటువంటి అనుభవాల దరిమిలా పార్లమెంటు చట్టాన్ని సవరించి, లోక్‌సభ అభ్యర్థి ధరావతును 500 రూపాయలనుండి 10,000 రూపాయలకు పెంచినది. ఎన్నికలను నవ్వులపాలు కాకుండ కాపాడడం ప్రభుత్వ బాధ్యతే. కాని ధరావతు పెరగడానికి నెలలు పట్టినవి, నీరు రావడానికి ఏండ్లు పట్టినవి. ఏ గడపలో తొందర ఎక్కువో విద్యార్థులు తామే తూచుకొనవచ్చును.

2003లో ఆయన ఫ్లోరోసిస్ బాధితులను వెంటబెట్టుకొని ఢిల్లీ వెళ్ళాడు. వారిలో మర్రిగూడ మండలం శివన్నగూడెంనకు చెందిన అంశల స్వామి అనే బాలుడున్నాడు. వ్యాధి ఆ బాలుని కాళ్ళుచేతులను వంచివేసినది, ఎదుగుదలను ఆపివేసినది. ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజ్‌పేయి ఎదుట, ఆయన బల్లమీదనే, ఆ బాలుని ఉంచారు. వినతిపత్రాలు వేలకొలది ఆ బల్లమీదికి వచ్చి ఉంటవి. మనిషే వినతిపత్రమై వచ్చిన సందర్భాలు అరుదు. ఆ స్వామి పెద్దవాడై, ఫ్లోరైడు పీడితుల గొంతుగా నిలిచి, 2023 జనవరిలో కన్నుమూశాడు.

రోగగ్రస్తుడైన బిడ్డను అందరి ఎదుట నిలపడం తగునా అని అడిగేవారున్నారు. ప్రశ్న న్యాయమైనదే. జాలికోసం మాత్రమే చూపిన యెడల అది తగని పని. ఆ బిడ్డనే మోసుకొని పోయి, ఆ ఊరికే తిరిగి వచ్చి, ఆ నీటికొరకే జీవితం ఖర్చుపెట్టినవాని విషయం వేరు. చూపించి మరచిపోవడంలో ఉన్నది పాపం. చూపించి అంటిపెట్టుకొని ఉండడంలో బాధ్యత ఉన్నది.

నీరు ఎవరి వల్ల వచ్చినది?

తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత ఇంటింటికీ శుద్ధిచేసిన నదీజలాలు అందించే నిమిత్తం మిషన్ భగీరథ పథకం చేపట్టారు. 2015 జూన్‌లో దాని పైలాన్‌ను ఫ్లోరైడు సీమ అయిన చౌటుప్పల్‌లోనే నిలిపారు. 2016 ఆగస్టు 7న గజ్వేలు వద్ద కోమటిబండలో ప్రధాని శ్రీ నరేంద్ర మోదీ ఆ పథకాన్ని ప్రారంభించారు. నల్లగొండ పల్లెలకు గొట్టాలలో నదినీరు రావడం మొదలైనది.

దీనికి పేరు ఎవరికి రావాలి? ఇంజనీర్లు, కూలీలు, ప్రభుత్వం లేకుండ ఆ గొట్టాలు పడవు. సమితి ఒక్క మైలు గొట్టం కూడ వేయలేదు. కాని ప్రభుత్వాలకు చేయదగిన పనులు ఎప్పుడూ నూరుంటవి. నూటిలో ఏది ముందు అన్నది ఎక్కడినుండి గట్టిగా వినిపిస్తున్నదన్న దానిమీద ఆధారపడుతుంది. పైలాను చౌటుప్పల్‌లో లేవడానికి ముందు మూడు దశాబ్దాలు ఆ సీమలో ఒకరు నడిచారు. నీరు నడవడానికి ముందు మనిషి నడవాలి.

నీరు వచ్చినంతనే కథ ముగియలేదని కూడ గుర్తుంచుకొనాలి. కొత్తగా పుట్టిన బిడ్డల పళ్ళు తెల్లగా రావచ్చును. ఇదివరకే వంగినవారి సంగతి ఏమిటి? వారికి మంచినీటితోపాటు ఆదరువు, ఆహారం, ఊతకర్ర, ఊరి ఓర్పు కావాలి. పథకానికి ప్రారంభోత్సవం ఉంటుంది. పరామర్శకు ముగింపు ఉండదు.

నదినీరు దగ్గరకు తెచ్చుకొనడం కూడ కళ్ళు తెరచుకొని చేయవలసిన పని. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి అనే శాస్త్రజ్ఞులు నల్లగొండ ప్రాంతంలో ఒక కొత్తరూపు రోగాన్ని ‘లాన్సెట్’ అనే వైద్యపత్రికలో వర్ణించారు. యువకుల మోకాళ్ళు ఒకదానికొకటి ఒరుసుకొని, పాదాలు ఎడంగా పోవడం దాని లక్షణం. నాగార్జునసాగర్ కట్టిన తరువాత భూగర్భజలమట్టం పైకి వచ్చి, నేలలోని లోహాల తీరు మారి, జొన్నపంటలోకి మాలిబ్దినం అధికంగా చేరడం దీనికి కొంత కారణమని ఆ తరువాత పరిశోధకులు భావించారు. జొన్న ప్రధానాహారమైనవారి ఒంట ఫ్లోరైడు ఎక్కువగా నిలుస్తుందని కూడ ఆ సంస్థ పరిశోధనలలో తేలినది. ఆనకట్ట కడితే చాలు, అంతా చక్కబడుతుందని అనుకొనరాదు. పైరుకు పారిన నీరు నోటికి అందకపోవచ్చును. నోటినీటికి ప్రత్యేకమైన ఏర్పాటు మొదట జరగాలి.

వెలిగొండ ముందు పశ్చిమ ప్రకాశం

ఇక మన సీమకు వద్దాము. నల్లగొండలో 480 మంది పోటీచేసిన 1996లోనే, మార్చి 5న, గొట్టిపడియ వద్ద వెలిగొండ పథకానికి నాటి ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబు నాయుడు శంకుస్థాపన చేశారు. మార్కాపురం సీమ ప్రజలకోసం పాటుపడిన కమ్యూనిస్టు నాయకుడు శ్రీ పూల సుబ్బయ్య పేరు ఆ పథకానికి పెట్టారు. శ్రీశైలం జలాశయపు ఎగువభాగాన కొల్లంవాగు నుండి కృష్ణవరదలో 43.5 టి.ఎం.సి.ల నీటిని, నల్లమల కొండల గర్భం గుండా సుమారు 18.8 కిలోమీటర్ల పొడవైన రెండు సొరంగాలలో తెచ్చి, సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల వద్ద కొండల నడిమి సందులను కట్టలతో మూసి ఏర్పరచిన నల్లమల సాగరంలో నిలపడం దాని ఆశయం. ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల మెట్టలో 4 లక్షల 47 వేల ఎకరాలకు సాగునీరు, 15 లక్షలకు పైగా జనానికి తాగునీరు దాని లక్ష్యం.

మొదటి సొరంగం తవ్వకం 2021 జనవరిలో, రెండవది 2024 జనవరిలో పూర్తియైనవి. 2024 మార్చి 6న నాటి ముఖ్యమంత్రి శ్రీ వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి సొరంగాలను జాతికి అంకితం చేశారు. కాని అప్పటికి మునకగ్రామాలవారి పునరావాసం పూర్తి కాలేదు, 2025లో కూడ మిగిలిన పనుల మాటే వినిపించినది. శంకుస్థాపన యేట పుట్టిన బిడ్డకు నేడు ముప్పై ఏండ్లు. అతని పిల్లలు బడిలో చేరే వయస్సు వారు.

నల్లగొండ సొరంగం వార్త ఇంతకన్న విషాదకరం. 2025 ఫిబ్రవరి 22న ఎడమగట్టు సొరంగంలో దోమలపెంట వైపు పైకప్పు కూలి ఎనిమిదిమంది చిక్కుకొన్నారు. ఒక్కరూ ప్రాణాలతో బయటపడలేదు. వారిలో అనేకులు దూరరాష్ట్రాలనుండి కూలికి వచ్చినవారు. మన బిడ్డల పళ్ళు తెల్లగా ఉండడానికి ఎవరి బిడ్డలో కొండక్రింద ఉండిపోయారు. ఇటు వెలిగొండలో సుంకేసుల, గొట్టిపడియ, కలనూతల వంటి ఊళ్ళవారు ఇల్లూ పొలమూ నీటికి వదలవలసి ఉన్నది. నీటికోసం అడిగే గొంతు వీరి తరపున కూడ అడగని యెడల, అది న్యాయం కోసం అడిగే గొంతు కాదు, తన వంతు కోసం అడిగే గొంతు మాత్రమే. పునరావాసం అనేది పథకం చివర మిగిలిన చిల్లర పని కాదు. అది పూర్తియైతేగాని జలాశయం నిండరాదు.

పెద్దపథకం వచ్చేలోగా చేతులు కట్టుకొని కూర్చొనవలసిన పనిలేదు. 2025 జూలైలో మార్కాపురం నియోజకవర్గంలోని నరసింహాపురం వద్ద జలజీవన్ మిషన్ క్రింద 1,290 కోట్ల రూపాయల మంచినీటి పథకానికి ఉపముఖ్యమంత్రి శ్రీ పవన్ కళ్యాణ్ శంకుస్థాపన చేశారు. ఇది మంచి కబురు. కాని శంకుస్థాపనల శిలలు ఈ సీమకు కొత్తకావు. శిల నాటిననాటినుండి కొళాయి తిరిగేనాటివరకు లెక్క అడిగేవారుండాలి. ఏ ఊరికి గొట్టం వచ్చినది, ఎన్ని దినాలు నీరు వచ్చినది, ఆ నీటిలో ఫ్లోరైడు ఎంత అని ప్రతి నెలా వ్రాసిపెట్టేవారుండాలి.

ఈ సీమకు అటువంటి ఉమ్మడి కాపుదల కొత్త కాదనడానికి కంభం చెరువే సాక్షి. గుండ్లకమ్మకు అడ్డంగా రెండు కొండల నడుమ విజయనగర రాజుల కాలంలో కట్టిన ఆ చెరువు నేటికీ నిలిచి ఉన్నది. శ్రీకృష్ణదేవరాయల దేవేరి వరదరాజమ్మ కట్టించినదని జనశ్రుతి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగుపారుదల సంఘం దానిని వారసత్వ కట్టడంగా గుర్తించినది. రాణి కట్టించిన కట్ట ఐదువందల ఏండ్లు నిలిచినదంటే అది రాణిగారి మహిమ మాత్రమే కాదు. గండిపడితే మట్టిమోసిన రైతు, తూము కాచిన నీరుగంటి, పూడిక ఎత్తిన కూలి, వీరందరూ తరతరాలుగా దానిని కట్టుతూనే ఉన్నారు. వాననీటికి ఫ్లోరైడు లేదు. చెరువు నిండితే దాని క్రింది బావులలో నీరు ఊరి, కొంతవరకు పలచబడుతుంది. చిన్నచెరువుల పూడిక తీయడం వెలిగొండకు ప్రత్యామ్నాయం కాదు. కాని దానికోసం ఎదురుచూస్తూ ఊరు చేయగలిగిన పని అది.

బడి చేయగల పని

ఈ సందర్భంలో ఉపాధ్యాయులకు ఒక విన్నపం. పల్లెలో బిడ్డల పళ్ళను దినమూ చూసేవారు మీరే. గార పళ్ళను పాచిపళ్ళని ఎగతాళిచేసే పిల్లలను వారించి, అది బిడ్డ తప్పు కాదు, నీటి తప్పు అని చెప్పడం మొదటి సేవ. ఆ సిగ్గుతో నోటికి చేయి అడ్డుపెట్టుకొని చదివే బాలికకు అది ఎంత ఊరటో ఆలోచించండి.

రెండవది, ఇంటింటికి చేరవలసిన చిన్న సత్యాలు కొన్ని ఉన్నవి. నీరు కాచినంతమాత్రాన ఫ్లోరైడు పోదు. ఆవిరి పోయి, మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుంది. కొనుక్కొన్న క్యానునీళ్ళు తాగి, బోరునీళ్ళతో అన్నం, పప్పు వండుకొంటే దోషం కడుపులోకే పోతుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తేర్చే పద్ధతిని నాగపూరులోని జాతీయ పరిసర పరిశోధన సంస్థ 1970లలో రూపొందించినది. దానికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరున్నది. ఒక తెలుగు జిల్లా పేరు లోకానికి ఈ విధంగా తెలియడం గర్వించవలసిన సంగతో, విచారించవలసిన సంగతో చెప్పడం కష్టం. పాలు, ఆకుకూరలు, ఉసిరి వంటి ఆహారం రోగాన్ని మాన్పకపోయినా దాని దెబ్బను కొంత తగ్గిస్తుంది. బడిపిల్లలకు చింతపండు ఇచ్చి చూస్తే మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోయినట్లు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 2002లో ప్రకటించారు. మన చారు మనకు కొంత మేలు చేస్తున్నదన్నమాట. అయినా చారు మంచినీటికి బదులు కాదు.

మూడవది విద్యార్థులు చేయదగినది. ఊరిలోని బోర్లను, చేదబావులను పటం గీచి, ఒక్కొక్కదాని నీటిని పరీక్షకు పంపి, ఫలితాన్ని బడిగోడమీద వ్రాయండి. వేసవిలో ఒకసారి, వానల తరువాత ఒకసారి పరీక్షించండి. ఏ నీరు తాగడానికి, ఏ నీరు గిన్నెలు కడగడానికి అన్నది ఊరంతా చూస్తుంది. మంచాన పడిన తాతకు ఒక బిందె మంచినీళ్ళు చేర్చే పనిని వంతులవారీగా పంచుకొనండి. ఇది చిన్నపనిగా తోచవచ్చును. నల్లగొండ ఉద్యమం కూడ ఊరూరా తిరిగి జనం గోడు వినడంతోనే మొదలైనది. లెక్క చేతిలో ఉన్న ఊరు అధికారి ఎదుట తలవంచి అడగదు. నిలబడి అడుగుతుంది.

ఆ యువకుని వలె ఉద్యోగం విడిచిపెట్టమనిగాని, ఉన్న భూమినంతా అడవికి వదలమనిగాని ఎవరినీ కోరలేము. అంతటి త్యాగం అందరికీ సాధ్యం కాదు, అవసరమూ కాదు. ఒకడు జీవితమంతా చేసిన పనిని ఒక ఊరు తలా కొంచెం పంచుకొంటే అది ఎవరికీ భారం కాదు. కొండను తొలిచే యంత్రాలు ప్రభుత్వానివి. కొండ ఇవతల ఎవరు దాహంతో ఉన్నారో పేరుపేరునా తెలిసి ఉండవలసినది ఊరు. 1937లో నలుగురు శాస్త్రజ్ఞులు ఈ వ్యాధిని గురించి వ్రాసి లోకానికి చెప్పారు. ఆ వ్రాత అక్కడే నిలిచిపోకుండ, తమ బడిలోని బిడ్డల లెక్కతో దానిని పూర్తిచేయవలసినవారు పొదిలి, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు బడులలో నేడు చదువుతున్నవారే, చదువు చెప్పుతున్నవారే.